ఏజెన్సీ

పాడేరు ఘాట్ ఎక్కే బస్సులో ‘ఏజెన్సీకి పోతున్నా’ అంటే ఎవరూ గ్యాస్ సిలిండర్ల దుకాణం అనుకోరు. తూర్పు కనుమల్లో, ఒడిశా సరిహద్దు వెంట ఉన్న కొండసీమకు అది పేరు. ఇంగ్లీషు ముక్కే గానీ, ఈ వాడుక పుట్టింది మాత్రం ఇక్కడే.

పర్లాకిమిడి, గుంసూరు తిరుగుబాట్లతో విసిగిన కుంపెనీ ప్రభుత్వం 1839లో ఒక చట్టం తెచ్చింది. గంజాం, విశాఖ జిల్లాల కొండ ప్రాంతాల్లో మామూలు కోర్టులు, నిబంధనలు చెల్లవు. కలెక్టరే మద్రాసు గవర్నరుకు ‘ఏజెంటు’. అధికారమంతా ఆయన గుప్పిట్లోనే. ఏజెంటు ఏలే నేల ఏజెన్సీ అయింది. 1922–24లో అల్లూరి సీతారామరాజు తిరగబడ్డది ఇక్కడి తెల్లవాళ్ల పాలన మీదే.

తర్వాత రాజ్యాంగం దీన్ని ఐదో షెడ్యూల్లో చేర్చి ‘షెడ్యూల్డ్ ప్రాంతం’ అంది. గిరిజనేతరులకు భూమి చిక్కకుండా 1/70 చట్టం అడ్డుపడింది. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి పేరిట జిల్లా వచ్చింది. అయినా జనం నోట, పత్రికల్లో ఏజెన్సీయే! ‘మన్యం’ అనే చక్కటి మాట ఉండగా, దొర హోదాతో ఒక సీమను పిలవడం నాకు నచ్చదు. పొరుగున పార్వతీపురం మాత్రం తన జిల్లా పేరులో మన్యాన్ని నిలుపుకుంది.