‘వందేళ్ల వరద’ వందేళ్లకోసారే వస్తుందా? గోదావరి లెక్క ఇదీ

భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులకు చేరింది. ‘పెద్ద వరద వచ్చి వెళ్లింది, ఇక మన కాలంలో రాదులే’ అని మీరు అనుకుంటుంటే ఈ లెక్క ఒకసారి చూడండి.

వరదను ఎలా కొలుస్తారు?

నీటిమట్టాన్ని అడుగుల్లో, ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో చెబుతారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. నది వెడల్పు, లోతు, నీటి వేగం కొలిచి ప్రవాహాన్ని లెక్కగడతారు. ఇలా ఏళ్ల తరబడి కొలిచాక ఏ మట్టానికి ఎంత ప్రవాహమో తెలిపే పట్టిక తయారవుతుంది. ఆ తర్వాత మట్టం చూసి ప్రవాహం చెప్పేయవచ్చు. అయితే భారీ వరదల్లో నేరుగా కొలవడం కష్టం. అప్పుడు పట్టికను పొడిగించి అంచనా వేస్తారు. పొరపాటుకు ఎక్కువ ఆస్కారం అక్కడే.

ఎన్నేళ్లకోసారి అన్నది ఎలా తేలుస్తారు?

ఏటా నమోదైన గరిష్ఠ ప్రవాహాన్ని తీసుకుని పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుసలో పేరుస్తారు. మొత్తం ఏళ్లకు ఒకటి కలిపి, వరుస సంఖ్యతో భాగిస్తారు. 49 ఏళ్ల రికార్డు ఉంటే మొదటి స్థానంలోనిది 50 ఏళ్ల వరద, అయిదో స్థానంలోనిది 10 ఏళ్ల వరద. రికార్డులో లేనంత పెద్ద వరదలను గణాంక సూత్రాలతో అంచనా వేస్తారు. రికార్డు ఎంత చిన్నదైతే అంచనా అంత బలహీనం.

మరి ‘వందేళ్ల వరద’ అంటే?

ఏ సంవత్సరమైనా అంతటి వరద వచ్చే అవకాశం 1 శాతం అని అర్థం. నిరుడు వచ్చినంత మాత్రాన ఈ ఏడాది ఆ అవకాశం తగ్గదు. మీరు ఒడ్డున ఇల్లు కట్టుకుని 30 ఏళ్లు ఉంటే, ఆ కాలంలో కనీసం ఒక్కసారైనా అది వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. అంటే నాలుగింట ఒక వంతు.

ఈ అంచనాలతో పనేంటి?

కరకట్ట ఎత్తు, వంతెన ఎత్తు, స్పిల్‌వే సామర్థ్యం వీటి ఆధారంగానే నిర్ణయిస్తారు. పోలవరం స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కులకు రూపొందించారు. ఎగువన కొత్త జలాశయాలు వచ్చినా, వానల తీరు మారినా పాత అంచనాలను సరిచూడాల్సిందే.

మీరు గుర్తుంచుకోవాల్సినవి

• భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు.
• ధవళేశ్వరం వద్ద ఇవి 10, 13, 17 లక్షల క్యూసెక్కులు.
• స్థలం కొనేముందు ‘కిందటిసారి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి’ అని అడగడం మంచిదే. కానీ తర్వాతి వరద అక్కడే ఆగుతుందన్న హామీ లేదు.