ప్రాతకట్టడములు – క్రొత్త యుపయోగములు

తెనాలినుండి రేపల్లెకు బోవు రైలుబండి వేమూరు దాటినపిదప భట్టిప్రోలు స్టేషనున నాగును. ఆ గ్రామమున నొక యిటుకదిబ్బ గలదు. చూచుటకు దిబ్బయే గాని, యది రెండువేల యేండ్లకు పైబడిన బౌద్ధ మహాచైత్యము. 1892లో అలెగ్జాండర్ రీ యను పురావస్తు పరిశోధకుడు అచట త్రవ్వించి, లేఖనములు గల మూడు శిలామంజూషలను, వానిలో భద్రపఱచిన ధాతువుల బరిణెలను వెలికి దీసెను. బ్యూలర్ పండితు డా లేఖనములను జదివి ప్రకటించెను. కుబిరకుడను రాజు పేరు వానిలో గలదు.

అయితే రీ దొర వచ్చుటకు బూర్వమే చైత్యమునకు గొప్ప హాని కలిగియుండెను. దాని యిటుకలను బాటలకు బఱచిరి. చలువరాతి పలకలను వెల్లటూరు కాలువతూము గట్టుటకు గొనిపోయిరి. వారి దృష్టిలో నది వృథాగా బడియున్న సామాను. తూమువలన పొలములకు నీరు పాఱుట మేలే. కాని యా పలకలపై నే శిల్పముండెనో, యెవ్వరి దానము వ్రాయబడియుండెనో, యిక జెప్పగలవా రెవ్వరు?

శ్రోతలారా! ప్రాతకట్టడమును ఉపయోగించుట రెండు విధములు. రాళ్లను వాడుకొనుట యొకటి; కట్టడమునే వాడుకొనుట మఱొకటి. మొదటిది దానిని జంపును, రెండవది బ్రతికించును. విజయవాడలో విక్టోరియా జూబిలీ స్మారకముగా 1887లో నారంభించిన భవనము మొదట పారిశ్రామిక ప్రదర్శనముల కుద్దేశింపబడినది. 1962లో నదియే పురావస్తు ప్రదర్శనశాల యయ్యెను. గోడలు నిలిచినవి, పని మాఱినది.

ఉపయోగ మొక్కటియే చాలునా? చాలదు. బాపట్ల భావనారాయణస్వామి యాలయమున పూజలు సాగుచుండగనే, 2011లో గాలిగోపురము కూలెను. అంతకు ముందటి యేడు శ్రీకాళహస్తి రాజగోపురము పడియుండెను. జనులు నిత్యము వచ్చిపోయినంత మాత్రమున కట్టడము నిలువదు, పోషణ కావలయును.

ఆ పోషణ యెట్టిది? సున్నముతో గట్టిన ప్రాతగోడ తడిని పీల్చి మరల విడుచును. దానిపై సిమెంటు పూసినచో తడి లోపలనే చిక్కి యిటుక పొడియగును. సముద్రపు టుప్పుగాలి సోకు మన తీరమున నీ హాని మఱింత శీఘ్రముగా గలుగును. కావున సున్నపుగోడకు సున్నమే పూయవలయును. సందులలో మొలచిన రావిమొక్కను వేళ్లు దిగకముందే తీసివేయవలయును. వానకాలమునకు ముందే నీరు పోవు దారులను శుభ్రము చేయవలయును. ఇవి స్వల్పవ్యయముతో నగు పనులే.

మీ యూర మూతపడిన సత్రమో, ప్రాతబడియో యున్నచో, పడగొట్టుటకు బూర్వము, ఇది గ్రంథాలయము గాగలదా, వైద్యశాల గాగలదా యని యాలోచింపుడు. ఏ పని మొదలిడినను, ముందుగా కొలతలు వ్రాసికొని, ఛాయాచిత్రములు దీయించి, శాసనమున్నచో దాని నకలు తీయించి యుంచుడు. వెల్లటూరు తూములో గలిసిన పలకలకు మన మిప్పు డా యుపచారము చేయజాలము. మిగిలినవానికి చేయగలము.