హనీమూన్ దీవులు - గిర్మిట్ దంపతులు



మా కాలంలో మదనపల్లె ప్రాంతంలో కొత్తగా పెండ్లయిన జంట ప్రయాణమంటే తిరుమల మొక్కు, కలిగినవారైతే హార్స్‌లీ కొండ. ఇప్పుడు మనవలు తాహితి, బోరాబోరా, ఫిజీ అంటున్నారు. పెండ్లి కుదిరిన మా మనవడు పసిఫిక్ మహాసముద్రం పటం నా ముందు పరచి, "తాతా, మన పక్కనుంచి ఇంత దూరం ఎవరూ పోయుండరు కదా?" అన్నాడు. నూరేండ్లకు ముందే పోయినారు నాయనా అన్నాను. వానికి చెప్పిన సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాను.

హవాయి, న్యూజిలాండ్, ఈస్టర్ దీవి అనే మూడు మూలల నడుమనున్న దీవులను పోలినీషియా అంటారు. తాహితి, సమోవా, టోంగా అందులోవి. ఫిజీ ఆ త్రికోణానికి పడమటి అంచున ఉన్నది. మనవారు వేలాదిగా చేరినది ఈ ఫిజీకే.

1874లో ఫిజీ బ్రిటిష్ వారి వశమైంది. చెరకు తోటల కూలీలతో 1879లో కలకత్తా నుండి 'లియోనిడాస్' అనే తొలి ఓడ వెళ్ళింది. 1903 నుండి మద్రాసు రేవు కూడా తెరిచారు. 1916 వరకు వెళ్ళినవారు మొత్తం సుమారు 60,000 మంది. అందులో దాదాపు నాల్గవ వంతు దక్షిణాదివారు. వారిని ఎక్కువగా పంపిన జిల్లాలలో ఉత్తర ఆర్కాటు ఒకటి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఆ జిల్లాలోవే. మదనపల్లె తాలూకా కడప జిల్లాలో ఉండేది. కనుక ఫిజీ రికార్డులలో 'ఉత్తర ఆర్కాటు' అని కనిపించినంత మాత్రాన అది అరవ ఊరే అనుకోరాదు.

'అగ్రిమెంట్' అనే మాట కూలీల నోట 'గిర్మిట్' అయింది. గడువు 5 ఏండ్లు. వేసిన పని పూర్తిచేస్తే రోజుకు మగవానికి ఒక షిల్లింగు, ఆడమనిషికి 9 పెన్నీలు. నివాసం 'లైన్లు' అనే వరుస గదులు. తొలినాళ్ళలో ఒక్కొక్క గది పది అడుగులకు ఏడడుగులు. అందులో ఒంటరి మగవారైతే ముగ్గురు, లేదా భార్యాభర్తలు, వారి పిల్లలు. గదుల మధ్య గోడ కప్పుదాకా ఉండేది కాదు. కొత్త కాపురమైనా అక్కడే.

గుమాస్తాగా బ్రతికినవాణ్ణి గనుక నా కన్ను వారి ఎమిగ్రేషన్ పాసు మీద పడింది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. పెండ్లయి ఉంటే జోడీ పేరు. ఆ చివరి గడిలో పేరుంటే ఇద్దరినీ ఒకే తోటకు పంపాలి. రిజిస్టరు కాని పెండ్లిని ఫిజీ చట్టం గుర్తించలేదు. తాళిబొట్టు సాక్ష్యం చెల్లలేదు. పైగా 100 మంది మగవారికి 40 మంది స్త్రీలను పంపితే చాలునన్నది నిబంధన. దానితో కాపురాలు చెదిరాయి, హత్యలు, ఆత్మహత్యలు పెరిగాయి.

సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ గార్లు 1915లో స్వయంగా వెళ్ళి చూచి, 1916లో నివేదిక వెలువరించారు. అక్కడి స్త్రీల దుస్థితి విని మన దేశమంతా ఆగ్రహించింది. 1917లో కూలీల ఎగుమతి ఆగింది. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్‌లన్నీ రద్దయ్యాయి.

పదేండ్లు ఉన్నవారికి తిరుగు ప్రయాణం ఉచితమైనా, ఎక్కువమంది అక్కడే నిలిచిపోయారు. దక్షిణాదివారు 1926లో సంగం స్థాపించి బడులు, గుడులు కట్టుకున్నారు. 1941లో తెలుగువారికి వేరుగా ఆంధ్ర సంగం ఏర్పడింది. 2023 నుండి ఫిజీలో గిర్మిట్ దినానికి ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు.

ఇక ప్రయాణం తలపెట్టినవారికి రెండు మాటలు. మే నుండి అక్టోబరు వరకు అక్కడ చల్లని, పొడి వాతావరణం. నవంబరు నుండి ఏప్రిల్ వరకు తుఫానుల కాలం. నాందిలోని సుబ్రహ్మణ్యస్వామి కోవెల తప్పక చూడదగినది. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం వివాహ రిజిస్ట్రేషను తప్పనిసరి. బయలుదేరే ముందే ఆ పని ముగించండి. ఆ కాగితం విలువ ఏమిటో గిర్మిట్ దంపతులకు తెలుసు.

పుంగనూరు, కుప్పం, మదనపల్లె పల్లెలలో "మా ముత్తాత తమ్ముడు ఓడెక్కి పోయినాడు, మరి రాలేదు" అనే మాట మీ ఇంట్లో ఉంటే, ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాసి పిల్లల చేతికివ్వండి. ఆ పాసులు సువా నగరంలోని ఫిజీ జాతీయ పురావస్తు భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. వెదకడానికి ఆ మూడు వివరాలే ఆధారం. అవి తెలిసిన పెద్దలు మనలో ఏటేటా తగ్గిపోతున్నారు.

నవదంపతులకు ఆశీస్సులతో సెలవు.