దినుసును దినుసులా

భోజన హోటళ్ల వంటిళ్లలో కూరగాయల్నీ సంబారాల్నీ ఫొటో తీయబోయేవాళ్లకు నేను చెప్పే సూత్రం ఒకటే: పని ఆగకుండా, పక్క వెలుగులో, తరిగిన వెంటనే, దినుసును దినుసులా తీయాలి. ఇందులో ప్రతి మాటా అవసరమే.

పని ఆగకుండా: పొద్దుటి టిఫిన్ల హడావిడి తగ్గి, మధ్యాహ్నం భోజనాలకు కూరలు తరిగే వేళే మనది. 12 దాటాక కెమెరాకు అక్కడ చోటు లేదు. మరిగే నూనె, కత్తిపీటలు, తడి నేల ఉన్నచోట ట్రైపాడ్ కాళ్లు నడిచే దారిలోకి చాచకూడదు. ఏసీ కారులోంచి తెచ్చిన కెమెరాను వెంటనే బయటికి తీస్తే లెన్సుకు చెమ్మ పడుతుంది. కాసేపు సంచిలోనే ఉంచి, ఆ వేడికి అలవాటు పడనివ్వాలి.

పక్క వెలుగులో: కష్టమంతా ఇక్కడే. కిటికీ నుంచో పెరటి తలుపు నుంచో వెలుగు ఒక పక్కగా పడితేనే బీరకాయ అంచులు, మిరపకాయ ముడతలు, పప్పు గింజల గుండ్రదనం తెలుస్తాయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే అవన్నీ చదునైపోతాయి. రెండోవైపు నీడ చిక్కగా ఉంటే తెల్ల థర్మోకోల్ షీటు నిలబెడితే చాలు.

నెత్తిమీది లైటు ఆర్పమని అడగండి. పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్లు, పాతకాలపు పసుపు బల్బు 2700 దగ్గర. రెండూ కలిసి పడితే ఒకే వైట్ బ్యాలెన్స్‌తో రెండింటినీ సరిచేయలేం. బియ్యం ఒకవైపు నీలంగా, మరోవైపు పసుపుగా వస్తాయి. ఆర్పడం కుదరదంటే ఇంకో జాగ్రత్త ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టరు 1/100 లేదా 1/50 దగ్గర ఉంచితే ఫొటోలో చారలు పడవు.

గుంటూరు సన్నం లాంటి ఎండుమిర్చి దగ్గర మరీ జాగ్రత్త. మిగతా రంగుల కంటే ముందే ఎరుపు నిండిపోతుంది. హిస్టోగ్రామ్‌లో ఎరుపును విడిగా చూసి ఎక్స్‌పోజరు తగ్గించకపోతే, ముడతలన్నీ మాయమై ఎర్రటి మచ్చ మిగులుతుంది.

తరిగిన వెంటనే: కోసిన వంకాయ గాలి తగలగానే నల్లబడటం మొదలెడుతుంది, కొత్తిమీర పొయ్యి సెగకు వాడిపోతుంది. అందుకే ఖాళీ పళ్లెం పెట్టి ఫ్రేము, ఫోకస్ ముందే సరిచూసుకోవాలి. ముక్కల్ని ఉప్పునీళ్లలో వేసేస్తే నీళ్లలోనే తీయండి. అదీ వంటలో భాగమే.

దినుసును దినుసులా: నిగనిగలాడాలని నూనె పూయడం, నీటిబొట్లలా కనబడాలని గ్లిజరిన్ చల్లడం నాకు సమ్మతం కాదు. ఫొటో చూసిన వంటమనిషి గోంగూర ఎర్రదో తెల్లదో, చింతపండు కొత్తదో పాతబడి నల్లబడ్డదో చెప్పగలగాలి. పైపూత ఆ ఆనవాళ్లను కప్పేస్తుంది. పైగా గ్లిజరిన్ చల్లిన కూర మళ్లీ గిన్నెలోకి పోదు, చెత్తబుట్టలోకే.

తీయాలి: దగ్గరగా తీస్తే ముందున్న రెండు గింజలే తేటగా వస్తాయి. రాశి మొత్తం కనబడాలంటే ఎఫ్/8 దాకా వెళ్లండి, షట్టరు వేగం తగ్గుతుంది కనుక కెమెరాను గట్టి ఆధారం మీద పెట్టండి. చేతులు కడుక్కున్నాకే దినుసుల్ని ముట్టుకోండి, తీసినవాటిని తీసినట్టే వంటవాళ్లకు అప్పగించండి. వెళ్లేముందు ఆ కూరలు తరిగినవాళ్ల ఫోన్లకు ఆ ఫొటోలు పంపండి.