కందనవోలు, కడప మండలములలోఁ జిన్ననోట్లు

కాగితపు ద్రవ్యము 1861వ సంవత్సరపు శాసనముచే మన దేశమున సర్కారు వశమయ్యెను. ఆ నోట్లు మొదటఁ బది రూపాయలకుఁ దక్కువ లేవు; అయిదు రూపాయల నోటు పిమ్మటఁ గొన్ని యేండ్లకు వెలువడెను. ఇది సామాన్యుల కెంత దూరమో కఱవు లెక్కలే చెప్పును. 1876-78 నాటి కఱవునఁ గందనవోలు, కడప మండలములు మిక్కిలి నష్టపడెను. 1877లో టెంపుల్ దొర యేర్పఱచిన కూలి పురుషునకు దినమున కొక పౌను ధాన్యమును, ఒక అణాయును. అట్టివాఁడు ఎనుబది దినములు ఒక్క దమ్మిడియైన వెచ్చింపక కూర్చిననే గాని అయిదు రూపాయల నోటునకు సరిపడు సొమ్ము చూడఁడు. కావునఁ గాగితము ఖజానాలది, సాహుకారులది, కూలివానిది గాదు.

ఈ స్థితి మాఱినది పేదల సౌకర్యమునకై కాదు. మొదటి మహాయుద్ధమున వెండి వెల పెరిగి, రూపాయలోని లోహము రూపాయ విలువనే మించఁజొచ్చెను. అందుచే 1917 నవంబరు 30వ తేదీన ఒక రూపాయ నోటును, 1918 జనవరి 2వ తేదీన రెండున్నర రూపాయల నోటును పుట్టెను. రూప్యశబ్దమును బాణిని ఆహతమైన, అనఁగాఁ గొట్టఁబడిన, రూపము గలదను నర్థమున సాధించెను. కొట్టఁబడని కాగితము రూపాయ యగుట యెట్లు? అచ్చొత్తించిన వారికిని ఈ శంక తోఁచెనేమో, నోటుమీఁద వెండిరూపాయ బొమ్మనే ముద్రించిరి!

జనులు దానిని శంకించుట అజ్ఞానమనఁ దగదు. వెండిరూపాయను ఱాతిమీఁద మ్రోఁగించి పరీక్షింతురు. కాగితమునకు మ్రోఁత లేదు. కుండలో నుంచి పాఁతిన రూపాయ తరతరములు నిలుచును. నోటునైతే చెదలు తినును. వర్షము నమ్మరాని సీమలో ఆ కుండయే రైతునకు నిధి. 1918లో దేశమునఁ బెక్కుతావుల నోట్లు వట్టముమీఁద మాఱెను. అమెరికా ప్రభుత్వ మిరువది కోట్ల ఔన్సుల వెండి యమ్మిన పిదపఁ గలవరము తగ్గెను. 1926లో ఈ చిన్ననోట్ల జారీ నిలిచెను.

కందనవోలునకు మఱియొక చిక్కు కలదు. తుంగభద్ర యావలియొడ్డున అలంపురము నిజాము రాజ్యములోనిది. అచ్చటను ఆ వెండికొఱఁతచేతనే 1918లోఁ గాగితపు ద్రవ్యశాసనము గావింపఁబడి, 1919లో ఒక రూపాయ నోటు వెలువడెను. అది హాలీ, ఇది కలదారు. నూఱు కలదారుల కు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. ఒక్క కలదారునకు 1 రూపాయ 2 అణాల 8 పైలు. రెండు కాగితములమీఁదను దెలుఁగక్షరములే యున్నను, ఏఱు దాఁటి బేరమాడువానికిఁ ద్రైరాశికము తప్పదు. సంభావనలోని నూటపదాఱు ఈ మారకమునుండి పుట్టెనని కొంద ఱందురు. అది విచార్యము. వేయి కలదారులకు 1,166 పైచిలుకు హాలీ కావలెను. వేయినూటపదాఱు ఈ మార్గమున సిద్ధింపదు.

1940లో ఒక రూపాయ నోటు మరల వచ్చెను. మునుపటి నోటుమీఁద సొమ్మిత్తునను వాగ్దానముండెను, దీనిమీఁద లేదు. శాసనమే దీనిని నాణెముతో సమానము చేసెను. రూప్యశబ్దమున యోగార్థము పోయి రూఢి నిలిచినది అప్పుడే. 1943లో రెండు రూపాయల నోటు దానికిఁ దోడయ్యెను. 1953 అక్టోబరు 1వ తేదీనఁ గందనవోలు ఆంధ్రరాష్ట్ర రాజధాని యయ్యెను. 1956 నవంబరు 1వ తేదీన ఉభయతీరములును ఒకే రాష్ట్రమునఁ జేరెను. హాలీ మాత్రము 1959 నాఁటికిఁ గాని పూర్తిగా మాయము కాలేదు.