ఊరికి యాభై మైళ్ల దూరాన ఊరి పార్కు

జనవరి వచ్చిందంటే ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మా అమ్మాయి బడి ముందు ఒక బస్సు ఆగుతుంది. గడ్డం దాకా వచ్చే స్కీలు భుజాన వేసుకుని పిల్లలు ఎక్కుతారు. గంటకు పైగా ప్రయాణం చేసి స్నోక్వాల్మీ కనుమ చేరతారు. చీకటి పడ్డాక దీపాల వెలుగులో మంచు మీద జారి, రాత్రి పదింటికి తిరిగొస్తారు. సరిగ్గా బస్సు కదిలే వేళకు పాలకొల్లులో శనివారం తెల్లవారుజాము నాలుగున్నర అవుతుంది. ధనుర్మాసం గనక అమ్మ అప్పటికే లేచి ఉంటుంది. ఫోను చేసి ఏటా అదే మాట అడుగుతుంది: "చీకట్లో, ఆ చలిలో, కొండమీదికి పిల్లని ఎందుకు పంపుతావే?"

ఫోనులో రెండు ముక్కల్లో తేలే జవాబు కాదది. ఆ కొండ కథంతా చెబితే తప్ప అమ్మకు అర్థం కాదనిపించింది. చెబుదామని వెతికితే, ఇరవయ్యేళ్లుగా ఇక్కడే ఉంటున్న నాకూ ఆ కథ సగం తెలియదని తేలింది.

ముందు మంచు సంగతి. మన భాషలో తెల్లవారి గడ్డిమీద నిలిచే తడీ మంచే, కళ్లకు అడ్డం పడే పొగా మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే. ఇక్కడ నేను చెప్పేది మూడోది. సియాటిల్ నగరానికి తూర్పున కాస్కేడ్ పర్వతాలు అడ్డుగోడలా ఉంటాయి. ఆ గోడలో ఒక సందు స్నోక్వాల్మీ కనుమ. ఎత్తు 3,022 అడుగులు, అంటే ఇంచుమించు మన అరకు లోయ ఎత్తే. కానీ ఇది భూమధ్యరేఖకు ఎంతో ఉత్తరాన ఉంది. పసిఫిక్ సముద్రం మీంచి వచ్చే తడిగాలి ఈ కొండలు ఎక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిన నీటినంతా ఇక్కడే దించేస్తుంది. ఏడాదికి సగటున 400 అంగుళాలకు పైగా మంచు పడుతుంది. కరగకుండా, కుంగకుండా ఉంటే మూడంతస్తుల మేడ మునిగిపోతుంది. బరువైన తడి మంచు కావడంతో ఇక్కడివాళ్లు దాన్ని "కాస్కేడ్ కాంక్రీట్" అంటారు. దానిమీద స్కీ చేయడం నేర్చినవాళ్లు ఎక్కడైనా చేయగలరని వాళ్ల నమ్మకం.

కనుమకు ఆ పేరు స్నోక్వాల్మీ అనే ఆదివాసీ ప్రజల నుంచి వచ్చింది. రోడ్లూ రైళ్లూ లేనప్పుడు పడమటి, తూర్పు జాతుల మధ్య రాకపోకలకు ఈ కొండదారులే ఆధారం. పక్కనే ఉన్న హయాక్ అనే చోటి పేరు చినూక్ జార్గన్‌ది. వేర్వేరు భాషల జాతులు, వర్తకులు బేరాలాడుకోవడానికి కలగలిపి మాట్లాడిన బజారు భాష అది. అందులో హయాక్ అంటే "త్వరగా". ఆ భాష మాట్లాడేవాళ్లు బాగా తగ్గిపోయినా ఆ మాట మాత్రం రోడ్డు పక్క బోర్డుల మీద మిగిలింది.

ఇక స్కీలు. అవి ఈ దేశంలో పుట్టినవి కావు, వలస వచ్చినవి. నార్వే నుంచి చేపల వేటకూ కలప పనికీ సియాటిల్‌కు వచ్చినవాళ్లు వాటిని వెంట తెచ్చుకున్నారు. 1916 ఫిబ్రవరిలో నగరాన్ని పెద్ద మంచు కప్పేసినప్పుడు, క్వీన్ ఆన్ గుట్ట మీద నార్వే కుర్రాళ్లు స్కీలు కట్టుకుని గాలిలోకి దూకుతుంటే ఊరు నోరెళ్లబెట్టి చూసింది. మరుసటి ఏడు రెయినియర్ పర్వతం మీద నడివేసవిలో జరిగిన దూకుడు పోటీలో మగవాళ్లందరినీ ఓడించి గెలిచింది ఓల్గా బోల్‌స్టాడ్ అనే నార్వే అమ్మాయి. వలస వచ్చినవాళ్లు దేవుణ్ణీ వంటనీ వెంట తెచ్చుకుంటారని మనకు తెలుసు. ఆటను కూడా అంతే పదిలంగా తెచ్చుకుంటారని నాకు వీళ్లని చూశాకే తెలిసింది. వాళ్లే 1929లో సియాటిల్ స్కీ క్లబ్ పెట్టుకున్నారు. కనుమ దగ్గర బీవర్ లేక్ పక్కన దూకుడు మెట్ట కట్టుకున్నారు. అక్కడికి రోడ్డు లేదు. పోటీ చూడాలంటే మంచులో కొండ ఎక్కాల్సిందే. అయినా జనం ఎక్కారు.

ఇంతవరకూ ఇది కండబలమున్న కొద్దిమంది ఆట. దాన్ని ఊరందరి ఆట చేసినది 1934. నేను అమ్మకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఈ ఏడాది గురించే.

అప్పుడు అమెరికా మహామాంద్యంలో ఉంది. సియాటిల్ రేవు పక్క బురద నేలలో పనిలేనివాళ్లు రేకులతో, చెక్కముక్కలతో వేసుకున్న గుడిసెల పేట ఒకటుండేది. ఇలాంటి పేటలను, మాంద్యం మొదలైనప్పటి అధ్యక్షుడు హూవర్ మీద కోపంతో, హూవర్‌విల్ అని పిలిచేవారు. సియాటిల్‌లోది దేశంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి, పదేళ్లు నిలిచింది. సరిగ్గా ఆ రోజుల్లో నగర పార్కుల శాఖ, అటవీశాఖ భూమిని అనుమతి మీద తీసుకుని, ఊరికి సుమారు 50 మైళ్ల దూరంలో ఉన్న ఈ కనుమ మీద మునిసిపల్ స్కీ పార్కు తెరిచింది. 1934 జనవరిలో మేయర్ జాన్ డోర్ దాన్ని ప్రారంభించాడు. చెట్లు కొట్టి చదును చేసిన ఒక వాలు, చలి కాచుకోవడానికి ఒక కొట్టం. ఇంకేమీ లేదు. పైకెక్కించే యంత్రం లేదు. ఎవరి కాళ్లతో వాళ్లు ఎక్కాలి, ఎవరి ధైర్యంతో వాళ్లు జారాలి. అంతకు కొద్ది ఏళ్ల ముందే చలికాలంలో కూడా కనుమ రోడ్డు మీద మంచు తోడి తెరిచి ఉంచడం మొదలైంది. అది లేకపోతే ఈ పార్కు కాగితం మీదే ఉండిపోయేది.

మన మునిసిపాలిటీ పార్కు గుర్తు తెచ్చుకోండి. సిమెంటు బెంచీ, ఉయ్యాల, జారుడుబల్ల, సాయంత్రం రేడియో. పనీ పాటా దొరకని కాలంలో కూడా జనానికి ఆడుకునే చోటు ఉండాలనుకున్న మనుషులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ఇక్కడి జారుడుబల్ల మాత్రం కొండంత. ఆ ఆలోచన చేసినవాళ్ల మీద నాకు గొప్ప గౌరవం. ఎందుకంటే రెండేళ్లకే, 1936లో, ఐడహో రాష్ట్రంలో ఇందుకు పూర్తిగా భిన్నమైన కొండ ఒకటి తెరుచుకుంది. యూనియన్ పసిఫిక్ రైల్వే అధిపతి ఏవరెల్ హారిమన్ ధనవంతుల కోసం, సినిమా తారల కోసం కట్టించిన సన్ వ్యాలీ అది. ప్రపంచంలో మొదటి చెయిర్‌లిఫ్ట్ అక్కడిదే. దాన్ని రూపొందించిన జిమ్ కర్రన్ అంతకుముందు ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే కొక్కేల వరసను చూసినవాడు. గెల వేలాడే కొక్కెం చోట కుర్చీ తగిలిస్తే మనిషి కొండెక్కుతాడు కదా అనుకున్నాడు. రావులపాలెం అరటి మార్కెట్టు చూసిన మనకు ఈ సంగతి ఇట్టే కళ్లకు కడుతుంది.

స్నోక్వాల్మీకి కుర్చీలు రాలేదు, తాడు వచ్చింది. 1937లో స్కీ లిఫ్ట్స్ అనే చిన్న కంపెనీ ఇక్కడా, రెయినియర్, బేకర్ పర్వతాల మీదా తాడు లిఫ్టులు బిగించింది. మోటారు తిప్పే పెద్ద తాడు అది. కదిలే తాడును రెండు చేతులా పట్టుకుంటే మనిషిని పైదాకా లాక్కుపోతుంది. చేతి తొడుగులు అరిగిపోయేవి, భుజాలు లాగేసేవి. ఇక్కడి తాడును చూసుకున్న వెబ్ మోఫెట్ తర్వాత ఆ కంపెనీకే యజమాని అయ్యాడు. 1940లో పార్కుల శాఖ తప్పుకుని పార్కును ఆ కంపెనీకి అప్పగించింది. ఊరి పార్కు అలా ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది.

ఈలోగా కనుమకు అవతలివైపు ఈ ఆటలోకి రైలు కూడా వచ్చి చేరింది. మిల్వాకీ రోడ్ అనే రైల్వే కంపెనీకి ఈ కొండ కింద 2.3 మైళ్ల సొరంగం ఉంది, 1915 నాటిది. దానిలోంచి కరెంటు ఇంజన్లు తిరిగేవి. సొరంగం తూర్పు కొసనే హయాక్. 1938 జనవరిలో ఆ కంపెనీ అక్కడ స్కీ బౌల్ అనే ఆటస్థలం తెరిచింది. సియాటిల్ యూనియన్ స్టేషన్‌లో ఉదయం రైలెక్కితే, చీకటి సొరంగం దాటి వెలుగులోకి వచ్చేసరికి ఎదురుగా తెల్లటి వాలు. చక్రాలకు గొలుసులు కట్టే బాధ లేదు, రోడ్డు మూస్తారన్న భయం లేదు. మనుషుల్ని పైకి చేర్చడానికి తీగకు వేలాడే ఊతకొయ్యల లిఫ్టు పెట్టారు. రాత్రి ఆటకు దీపాలు పెట్టారు. తిరుగు రైలులో ఒక పెట్టె ఖాళీ చేసి సంగీతం పెడితే కుర్రకారు తడిబట్టలతోనే నాట్యం చేసేవారట.

అన్నిటికన్నా గొప్ప సంగతి, సియాటిల్ టైమ్స్ పత్రిక హైస్కూలు పిల్లలకు అక్కడ ఉచితంగా స్కీ పాఠాలు పెట్టించడం. శనివారం శనివారం రైలు నిండా పిల్లలు వెళ్లేవారు. వేలమంది అలా నేర్చుకున్నారు. పిల్లల్ని మూకుమ్మడిగా కొండకు పంపే అలవాటు ఈ ఊరికి అప్పుడే పడింది. అమ్మ అడిగే ప్రశ్నను 1938లో ఇక్కడి అమ్మలు, అమ్మమ్మలు కూడా అడిగే ఉంటారు.

స్కీ బౌల్‌లో పెద్ద దూకుడు మెట్ట కూడా ఉండేది. సియాటిల్ క్లబ్‌కు శిక్షణనివ్వడానికి నార్వే నుంచి వచ్చిన ఓలవ్ ఉల్లాండ్, ప్రపంచంలో మొదటిసారి వంద మీటర్లు దాటి దూకినవాడు. 1941లో ఆ మెట్ట మీద టోర్గర్ టోక్లే 288 అడుగులు దూకి అమెరికా రికార్డు కొట్టాడు. రెండేళ్ల ముందే బ్రూక్లిన్‌కు వలస వచ్చిన నార్వే వడ్రంగి అతను. యుద్ధం వచ్చాక అమెరికా సైన్యంలోని పర్వత దళంలో చేరాడు. 1945 మార్చిలో ఇటలీ కొండల్లో చనిపోయాడు. ఆ 288 అంకె ఎక్కడ కనబడినా నాకు ఇటలీయే గుర్తొస్తుంది.

యుద్ధకాలంలో రైల్వే స్కీ బౌల్ మూసేసింది. పెట్రోలుకు రేషన్ వచ్చింది. మోఫెట్ కొండ మాత్రం మూతపడలేదు. ఊరికి దగ్గర కాబట్టి జనం కూపన్లు కలిపి ఒక్కో కారులో కిక్కిరిసి వచ్చేవారు. యుద్ధం ముగిశాక రైళ్లు మళ్లీ నడిచాయి గానీ ఎంతోకాలం కాదు. 1949 డిసెంబరులో స్కీ బౌల్ లాడ్జి కాలిపోయింది. రైల్వే మళ్లీ కట్టలేదు.

తర్వాతి కథ త్వరగానే చెప్పవచ్చు. స్కీ ఎకర్స్, హయాక్, 1967లో ఆల్పెంటల్, ఇలా కనుమ చుట్టూ ఒక్కొక్కటే కొత్త వాలులు తెరుచుకున్నాయి. 1980 నుంచి పన్నెండేళ్లలో అన్నీ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. ఆ యాజమాన్యం కూడా చేతులు మారి, ఇప్పుడు దేశమంతా కొండలున్న సంస్థది. నాటి మునిసిపల్ పార్కును నేడు సమ్మిట్ వెస్ట్ అంటారు. అక్కడి నేలలో కొంత ఇప్పటికీ జాతీయ అటవీభూమే, అంటే జనానిదే. కానీ సెలవు రోజుల టిక్కెట్టు వంద డాలర్లు దాటింది. పనిలేనివాళ్ల కాలంలో పుట్టిన పార్కుకు ఈ ధర ఉండడం నాకు కష్టంగా ఉంటుంది. వాన మరో దిగులు. ఇంత తక్కువ ఎత్తులో రెండు మూడు డిగ్రీల తేడా వస్తే మంచు కాస్తా వాన అయిపోతుంది. 2014–15 చలికాలంలో అదే జరిగింది. వాలుల మీద మట్టి, గడ్డి తేలి లిఫ్టులు ఆగిపోయాయి.

అయినా ఆదివారాల్లో ట్యూబుల మీద జారే వాలు దగ్గర నిలబడితే బాథెల్ నుంచి, ఇసాక్వా నుంచి వచ్చిన మనవాళ్ల కేకలు వినబడతాయి. "ఒరేయ్, కాళ్లు పైకెత్తు!" అని ఒక నాన్న, ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర పట్టుకుని ఒక నాయనమ్మ. నార్వేవాళ్ల క్వీన్ ఆన్ గుట్ట నాకు అప్పుడు దగ్గరగా కనిపిస్తుంది.

రైలు 1980లో ఆగిపోయింది. సొరంగం ఇప్పుడు వేసవిలో నడకదారి. పోయిన ఆగస్టులో అమ్మ వచ్చినప్పుడు టార్చి లైట్లు పట్టుకుని, స్వెట్టర్లు వేసుకుని లోపల ఒక మైలు నడిచాం. బయట ఎండ కాస్తున్నా లోపల వణుకు, పైనుంచి నీటి చుక్కలు. వెనక్కి తిరిగి హయాక్ వైపు వస్తుంటే ముందు చుక్కంత వెలుగు, తర్వాత చంద్రవంకంత, తర్వాత ఆకుపచ్చటి కొండ. అమ్మ సొరంగం అంచున ఆగి చాలాసేపు చూసింది. "పిల్లలు రైలు దిగింది ఇక్కడేనా?" అంది. ఇక్కడే అన్నాను.

ఈ జనవరిలో మొదటి శుక్రవారం, బస్సు కదలకముందే ఫోను మోగింది. "దానికి రెండో జత గ్లవుజులు పెట్టావా?" అని అడిగింది.