వేట తుపాకి రక్షణ మీట

పాతకాలపు జంట గొట్టముల వేట తుపాకులు పెక్కింటిపై, బొటనవ్రేలికి అందునట్లు, ఒక చిన్న మీట ఉండును. దానిని వెనుకకు లాగినచో ట్రిగ్గరు కదలదు. ముందుకు త్రోసినచో తుపాకి పేలుటకు సిద్ధము. ఈ మీట ఎందులకు పుట్టినదో తెలిసికొన్నచో, దానిని ఎంతవరకు నమ్మవలెనో కూడ తెలియును.

చెకుముకి తుపాకులకు సుత్తి వెలుపలనే ఉండెడిది. దానిని సగము వెనుకకు లాగి నిలిపినచో, లోపలి కొక్కెము లోతైన గాడిలో చిక్కుకొని, ట్రిగ్గరు నొక్కినను సుత్తి పడకుండెడిది. 1807లో స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైత్, దెబ్బ తగిలినంతనే మండు మందుతో తుపాకిని పేల్చు విధానమునకు పేటెంటు పొందెను. ఆ తరువాతను ఈ సగపు నిలుపుదలయే వేటగానికి రక్షణయై సాగెను. గాడి అరిగినను, సుత్తిని దించునపుడు వ్రేలు జారినను ప్రమాదమే. అయినను ఒక మేలు కలదు: తుపాకి ఎక్కుపెట్టియున్నదో లేదో చూచినంతనే తెలియుచుండెను.

1875లో బర్మింగ్‌హామ్ నగరమున వెస్ట్‌లీ రిచర్డ్స్ సంస్థకు చెందిన ఆన్సన్, డీలీ అను ఇరువురు, సుత్తులను లోపల దాచిన తుపాకికి పేటెంటు పొందిరి. తూటాలు నింపుటకై గొట్టములను క్రిందికి వంచగనే లోపలి సుత్తులు తమంత తామే ఎక్కుపెట్టుకొనును. పని సులభమయ్యెను. కాని తూటాలు నింపి మూసిన తుపాకి సదా పేలుటకు సిద్ధముగా నుండును. ఆ సంగతి కంటికి కనిపించదు. కనుకనే ఇట్టి తుపాకులకు రక్షణ మీట అత్యవసరమయ్యెను. పెక్కు వేట తుపాకులలో, గొట్టములు తెరచినప్పుడెల్ల మీట దానంతటదియే రక్షణ స్థానమునకు వచ్చునట్లు అమర్చిరి. ఎగురు మట్టిబిళ్ళలను కొట్టు పోటీదారులలో పలువురు మాత్రము చేతితో జరిపిననే కదలు మీటను కోరుదురు. బిళ్ళ ఎగిరిన క్షణమున మీట త్రోయుట మరచినచో వారి వంతు వ్యర్థమగును గదా!

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఒకటి కలదు. చాల తుపాకులలో ఈ మీట బంధించునది ట్రిగ్గరును మాత్రమే. లోపలి సుత్తి ఎక్కుపెట్టియే యుండును. తుపాకి చేయి జారి నేలబడినప్పుడు అరిగిన కొక్కెము తొలగినచో, మీట రక్షణ స్థానమున నున్నను తూటా పేలవచ్చును. ఇందుకే మేలురకపు తుపాకులలో, జారిన సుత్తిని నడుమనే పట్టుకొను రెండవ కొక్కెమును చేర్చిరి.

తాతల నాటి తుపాకిలో ఈ భాగములన్నియు అరిగియుండవచ్చును. నిపుణునిచే పరీక్షింపజేయక దానిని వాడరాదు. కంచె దాటునపుడు తూటాలు తీసి, గొట్టములు తెరచి పట్టుకొనుటయే ఉత్తమము. తెరచిన తుపాకిని చూచినవారికి అనుమానముండదు. పూర్వము వెలుపలి సుత్తి ఇచ్చిన ధైర్యమును నేడు ఇదియే ఇయ్యగలదు.